వదిన సరేలే అనని రోజు

ఎవరేమన్నా "సరేలే" అనే మా వదినను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆవిడ నలభై దాటాక బైకు నేర్చుకుని, ఆ ఏడాదే ఒక్కతే దానిమీద నేపాల్, భూటాన్ చుట్టి వచ్చింది. తీరా పాకాలలో మా వీధి మలుపులోనే బండి జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

అన్నా నేనూ పుత్తూరు తీసుకెళ్ళాం.

"ఎట్ల పడినావమ్మా?" అన్నాడు ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన.

"బాత్రూంలో జారిందప్పా," అన్నాడు అన్న, కట్టుకోసం తెచ్చిన కోడిగుడ్లు అందిస్తూ.

రెండు దేశాలు తిరిగొచ్చిన మనిషిని బాత్రూంలో పడేశాడు. పెళ్ళాం బండి తోలిందని చెప్పుకోవడం ఆయనకు పరువు తక్కువ. వదిన ఇప్పుడూ "సరేలే" అంటుందని నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

వదిన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బండి మీంచి పడినాను నాయనా. మళ్ళా ఎప్పుడు తోలొచ్చో చెప్పి, అప్పుడు కట్టు."