అనుభవం లేని మేస్త్రి

మా మేస్త్రి పోయిన నెలలో చనిపోయాడు. జల్‌పల్లి ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నాకు చదువు అంతంత మాత్రం. తప్పులుంటే సర్దుకోండి. నేను రాయకపోతే ఆయన గురించి ఇంకెవడూ రాయడు.

ఆయన దగ్గర ముప్పై ఏళ్ళు తాపీ పని చేశాను. పాతబస్తీలో మేము కట్టిన మురుగునీటి మోరీలు, బడి గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నా చేతి పని కాబట్టి గట్టిగానే చెబుతాను. టెండర్ మాత్రం ఎవరో పెద్ద కాంట్రాక్టరు పేరు మీద ఉండేది. అతను మా మేస్త్రికి పని అప్పగించేవాడు.

మోరీ బాగుందని ఎవరైనా అంటే మేస్త్రి ఒప్పుకునేవాడు కాదు. "ముందుగాల వాన పడనియ్యి, గప్పుడు చెప్పు" అనేవాడు. పని ముగిశాక చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎటు పోతాయో చూసేదాకా అన్నం ముట్టేవాడు కాదు. ప్రారంభోత్సవం రాయి మీది పేర్లన్నీ పైకి చదివి, "మనం తప్ప అందరున్నరు భాయ్" అని నవ్వేవాడు.

ఆ నవ్వు రెండేళ్ళ క్రితమే పోయింది. తన కాలనీలో చిన్న మోరీకి టెండర్ పడితే సొంత పేరుతో వేద్దామని సర్కారు ఆఫీసుకు వెళ్ళాడు. అనుభవ పత్రం తెమ్మన్నారు. ఇద్దరం మలక్‌పేటలో, మాకు పనులిచ్చిన పాత కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాం.

"నువ్వు చేసినవని నేనెట్ల రాసిస్త మేస్త్రీ? పర్మిషన్ లేకుంట కింద ఇచ్చుడు రూల్‌కు ఖిలాఫ్. రాస్తే నేనే ఇరుకుత."

"అంటే నేను చెయ్యలేదా?"

"చేసినవ్. కాగితం మీద చెయ్యలే."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తీసుకున్న పని కిందివాళ్ళకు ఇవ్వకూడదని రూలు. అందరూ ఇస్తారు. ఆ రూలు పని ఇచ్చేవాడిని ఆపలేదు, చేసినవాడిని మాయం చేసింది.

మేస్త్రి దరఖాస్తు రాయించాడు. పని నిజంగా ఎవరు చేస్తారో టెండర్‌లోనే వాళ్ళ పేరు రాయాలి, పనయ్యాక వాళ్ళకూ పత్రం ఇవ్వాలి. అంతే అడిగాడు.

"పెద్దాయనా, నువ్వే చేసినవని సబూత్ ఏంది?" అన్నాడు ఆఫీసులో సారు.

"మీరు కూసున్న ఈ గది నేనే కట్టిన సార్. గా కిటికీ మూలకు నీళ్ళు పొయ్యుండ్రి. తలుపు దిక్కు పోవు, మీ కుర్చీ కిందికొస్తయ్. ఇంజినీరు చెప్పిన లెవల్ తప్పని గప్పుడే మొత్తుకున్న, ఎవరు ఇనలే."

అటెండరు నీళ్ళు పోశాడు. సారు కాళ్ళు పైకెత్తుకున్నాడు. అందరూ నవ్వారు, సారు కూడా.

"నిజమే గని, నీ పేరు రాసేటందుకు ఫారంల గడి లేదు" అని దరఖాస్తు తిరిగిచ్చాడు.

ఇద్దరం పత్తర్‌గట్టి దాకా నడిచొచ్చాం. అక్కడ మేస్త్రి ఆగి, "నా పని అని చెప్పుకోనీకె తప్పు చూపియ్యవల్సొచ్చె భాయ్" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన కళ్ళలో నీళ్ళు చూసింది ఆ రోజే.

మొన్న మేస్త్రి దినాలు అయ్యాక, తిరిగొచ్చిన ఆ దరఖాస్తు కింద నా పేరు కూడా రాసి ఆఫీసుకు తీసుకెళ్ళాను.

"ఇచ్చినాయన లేడంటున్నవ్. ఎట్ల తీసుకోవాలె?" అన్నాడు గుమాస్తా.

"నేనున్న కదా. కింద నా పేరుంది, సదువు."

"సరే, ఆడ పెట్టి పో తాతా."

"ముట్టినట్టు ముద్ర గుద్దు, పోత."

ఫ్యాన్ గాలికి కాగితం లేస్తోంది. మా ఇద్దరి పేర్ల మీద వేలు పెట్టి నొక్కాను.

"వేలు తియ్యి తాతా. ముద్ర ఏడ గుద్దాలె?"

"పక్కకు గుద్దు" అన్నాను. తీయలేదు.