గడ్డి కింద ఇల్లు

పోయిన వారం టీ బ్రేక్‌లో ఉండగా, ఆంటీని నాలుగు రోజులకని తన దగ్గరికి తీసుకెళ్లిన ఆవిడ కొడుకు క్రైస్ట్‌చర్చ్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది బ్రో. నిద్రలోనే." కప్పు పట్టుకుని, పనిచేసే షెడ్ చుట్టూ తిరిగాను. నాకు ఒకచోట కూర్చోవడం రాదు. ఆ సంగతి ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆంటీ ఫిజీలో పుట్టిన తెలుగావిడ. డునెడిన్ బయట వాళ్ల ఇంట్లో వెనక గది నాకు అద్దెకిచ్చారు. స్కూల్ మధ్యలో వదిలేసిన దగ్గర్నుంచి నేను ఏ ఊళ్లోనూ, ఏ పనిలోనూ నిలబడలేదు.

ఆ ఇంటి వెనక గడ్డి కింద ఇంకో ఇల్లుంది. తొలినాళ్లలో వలసొచ్చిన రైతులెవరో కట్టుకున్న రాతి ఇల్లు. పైదంతా కూలి, పునాదులు మట్టిలో మిగిలాయి. అది రక్షిత స్థలం. తవ్వకూడదు, కంచె గుంజ కూడా పాతకూడదు. నా కంటికి వట్టి గడ్డి. గడ్డి కోసే మోవర్‌తో అడ్డంగా పోతే ఆంటీ కేకేసేవారు.

"గోడల్లోంచి పోతావేంటి అబ్బాయ్, దెయ్యానివా? గుమ్మంలోంచి రా."

ఆ గుమ్మం ముందు రోజూ పొద్దున్నే బకెట్‌తో కళ్లాపి చల్లేవారు.

"మనుషులు లేని ఇంటికి కళ్లాపి ఏంటాంటీ?"

"ఇల్లుందిగా. వాళ్లూ సముద్రం దాటొచ్చినోళ్లే."

"ఏదీ, నాకు కనపడదే?"

"ఎండలు ముదరనీ. రాళ్ల మీద మట్టి పల్చన, అక్కడ గడ్డి ముందు ఎండుద్ది. గోడలన్నీ గీసినట్టు తేలతాయి."

ఎక్కడో ఉత్తరాన, మనురేవాలో పని దొరికిందని చెప్తే, "వేసవి దాకా ఉండు. ఒక్క ఇల్లన్నా చూసి పో," అన్నారు. నన్ను పొమ్మన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఉండమని అడిగిన మనిషి ఆవిడే. చేరే తేదీ వెనక్కి జరిపించుకున్నాను. ఉన్నానే గానీ కాలు నిలవలేదు. టీ సగంలో లేస్తే, "కుర్చీ కరుస్తుందా?" అని నవ్వేవారు.

దహనం అయ్యాక, మనురేవా బయల్దేరదామని నా సామాను కారులో పెట్టుకున్నాను. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఒక్కసారి ఇంటి వెనక్కి వెళ్లాను.

ఇల్లు తేలింది. ఎండిన పసుపు గీతల్లో రెండు గదులు, పక్కన వంటిల్లు కాబోలు, చిన్నది. ముందు గీత ఒకచోట తెగింది. ఆ గుమ్మం ముందు, బకెట్ నీళ్లు పడినంత మేర గడ్డి పచ్చగా ఉంది. అంచులు అప్పుడే వాడుతున్నాయి.

వెళ్లి ఇంజిన్ ఆపేశాను. బకెట్ కుళాయి పక్కన, ఆవిడ బోర్లించినట్టే ఉంది. నీళ్లు చల్లి, గుమ్మంలోంచి లోపలికెళ్లి, గదిలో గడ్డి మీద కూర్చున్నాను. బయట తడి ఇంకా మెరుస్తోంది.