తవుడు నింపిన బీడీలు

సుమలతక్క చేతులు అప్పటికే తునికాకును కత్తిరిస్తున్నాయి. అదీ ఎక్కడ? నిజామాబాద్ ఆసుపత్రిలో, క్యాన్సర్ పరిశోధన గదిలో! ఈ నర్సమ్మకున్న పిచ్చి ఒక్కటే. రోగిని "ఎట్లున్నరు?" అని అడగదు. వాళ్ల పని వాళ్ల చేతికే ఇచ్చి చూస్తుంది. దర్జీకి సూది, బోధన్ చెరుకు రైతుకు కొడవలి. ఆ కొడవలితో గేటు దగ్గర రెండుసార్లు పట్టుబడింది కూడా.

క్యాన్సర్‌పైకి ఒంటి రక్షణశక్తిని ఉసిగొల్పే కొత్త ఇంజెక్షన్లున్నాయి. ఆ శక్తి దారితప్పి సొంత ఒంటినే ఎక్కడ కొరుకుతోందో అక్క ఫారంలో రాస్తుంది, నేను కంప్యూటర్లో ఎక్కిస్తాను.

ఫారం చూస్తే చాలు, ఆమెకు ఒళ్లు మండేది. "'దైనందిన కార్యకలాపాలకు అంతరాయం కలదా?' గిది రాసినోడు ఒక్కనాడన్న బీడీ చుట్టిండా రాజేష్?"

"ఉందనో లేదనో టిక్కు పెడితే సరిపోద్ది కదమ్మా," అనేవారు మా పర్యవేక్షకులు చక్రవర్తిగారు.

"టిక్కులు మీరే పెట్టుకోండ్రి సార్!"

ఆ రోజు ఐదో ఇంజెక్షన్‌కు బీడీలు చుట్టే వెంకటవ్వ వచ్చింది. కూర్చోకముందే "మంచిగున్న బిడ్డా" అంది. మా రోగులంతా అంతే. బాగాలేదంటే డాక్టర్ చిన్నబుచ్చుకుంటారట!

అక్క చాట ముందుకు జరిపింది. తంబాకు బదులు అందులో తవుడు. ముందుగా తనే ఒకటి చుట్టింది.

"గది బీడీనా, మిర్చి బజ్జీనా? ఇటు తే," అని వెంకటవ్వ చాట లాక్కుంది.

తొమ్మిది చుట్టింది. పదోదానికి వేళ్లు ముడుచుకోలేదు. తవుడంతా ఒళ్లో పడింది.

"ఎన్నొద్దుల సంది అవ్వా?"

"నెల." గొంతు తగ్గింది. "చెప్పకు బిడ్డా. చెప్తే సూది ఆపుతరు. గడ్డ మల్ల పెరుగుతది."

నెల రోజులు నొప్పిని దాచిన ఈ భయానికి ఆ ఫారంలో ఒక్క గడైనా లేదు!

"ఎవలన్నరు ఆపుతరని?" అక్క మండిపడింది. "ముందుగల్ల పట్టుకుంటే శానమందికి గోలీలతోనే వాపు తగ్గుతది. దాస్తేనే మోసం. నువ్వేం చెప్పకు, నేనే చూసిన్నని రాస్త."

అక్క "ఎట్లున్నరు?" అని అడగకపోవడం ఎందుకో అప్పుడర్థమైంది. అడిగితే పాపం, వాళ్లు అబద్ధమాడాల్సి వస్తుంది.

గడులన్నీ వదిలేసి, అక్క ఫారం అంచున రాసింది: "తొమ్మిది బీడీలు సరే. పదోది విడిపోయింది. వేళ్ల కీళ్లలో వాపు."

డాక్టర్ విజయశ్రీ అది చదివి, వేళ్లు నొక్కి చూసి, రక్తపరీక్షలూ గోలీలూ రాశారు. "సూది ఇప్పుడైతే ఆపం అవ్వా. వారానికి రా."

అక్క తొమ్మిది బీడీలకు తన బజ్జీని కలిపి, దారం కట్టి, వెంకటవ్వ చేతిలో పెట్టింది.

"గిదొక్కటి కార్ఖానల తీసుకోరు బిడ్డా," అంటూనే అవ్వ కట్టను కొంగున ముడేసుకుంది.