అతికిన వేలికి కట్టిన కట్టు

ఎనిమిదేళ్లుగా ఒక వేలిని మోస్తున్నాను. నాది కాదు. ఇంకొకరి ఎడమ కాలి చిటికెన వేలు. చింతగింజ కంటే కాస్త పెద్దదిగా ఉంటుందేమో, అంతే. దాని బరువు గురించి ఇంత ఇదిగా చెప్తున్నానేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి. కానీ కడదాకా వినండి, ఎందుకంటే ఇది ఇంతవరకూ మా ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు, చెప్పడం మొదలుపెట్టాక ఆపడం నా వల్ల అయ్యేలా లేదు.

నా పేరు చెప్పను. మా ఊరు ఉదయగిరి నుంచి వరికుంటపాడు వైపు పోయే దారిలో ఎక్కడో ఒకచోట ఉందనుకోండి. పెళ్లికి ముందు వింజమూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో రెండేళ్లు ఆయాగా పనిచేశాను. కట్లు మార్చడం, దెబ్బలు కడగడం అక్కడే నేర్చుకున్నాను. ఈ ఊరికి కోడలుగా వచ్చాక అందరూ నన్ను నర్సమ్మ అనడం మొదలుపెట్టారు. నేను నర్సును కాదని ఒకటి రెండుసార్లు చెప్పాను. తర్వాత చెప్పడం మానేశాను. ఆ పిలుపు నాకు బాగుండేది. తప్పు అక్కడే మొదలైందా? ఏమో.

మా ఊరికి కోలాటం మాస్టారు వచ్చిన ఏడాది సంగతి ఇది. వంటలు ముగించుకుని సాయంత్రం ఆరింటికల్లా బడి ముందు చేరేవాళ్లం, ఇరవై నలుగురు ఆడవాళ్లం. అప్పటిదాకా పొలం పని, పిల్లల పని తప్ప మాకు ఇంకో లోకం లేదు. చేతికి రెండు కోలలు వచ్చేసరికి ఏమైందో తెలుసా? సిగ్గు పోయింది. అత్తల ముందు పైట సరిచేసుకుంటూ నడిచే మేము మాస్టారు ఈల వేస్తే చాలు గిర్రున తిరిగి, ఎగిరి, ఎదుటి మనిషి కోలకు కోల కొట్టి కేకలు పెట్టేవాళ్లం. ఇంటికి పోయాక కూడా పాదాలు ఊరుకునేవి కావు. పొయ్యి దగ్గర నిలబడి అడుగులు వేస్తుంటే మా ఆయన దయ్యం పట్టిందన్నాడు. పట్టిందనే అనుకోండి!

కోలాటంలో రెండు వలయాలు ఉంటాయి. లోపలి వలయంలో మొదటి మనిషిని బట్టే అందరూ అడుగు మారుస్తారు. ఆ మనిషి తప్పితే ఆట అంతా తప్పుతుంది. మా జట్టులో ఆ మొదటి మనిషి మస్తానమ్మ. మా పక్కింటి ఆవిడ, నాకంటే ఐదేళ్లు పెద్ద. నేను మస్తానక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఆడుతుంటే చూసినవాళ్ల కళ్లు ఇంకెవరి మీదికీ పోయేవి కావు. నేను బయటి వలయంలో, వెనకాల, గోడ పక్కన ఆడేదాన్ని. అక్కడ నన్ను చూసేది గోడ ఒక్కటే.

ఆమె మీద నాకు కోపం లేదు. ఇది మీరు నమ్మాలి. ఆమె చోటు మీద మాత్రం ఆశ ఉండేది. ఆ రెండూ వేరువేరని అప్పట్లో అనుకునేదాన్ని.

ఆత్మకూరులో కోలాటం పోటీలు పెడుతున్నారని తెలిసింది. ఇంకా రెండు నెలలు ఉంది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన వచ్చింది. వాకిట్లో మినుములు ఆరబోసి ఉన్నాయి. వాటి మీద పట్ట కప్పడానికి మస్తానక్క ఇంట్లోంచి పరుగెత్తింది. వసారాలో ఇనప మంచం ఉంది. దాని కోడుకు చిటికెన వేలు కొట్టుకుంది. నేను మా వాకిట్లో ఉన్నాను. నాకు ఆమె అరుపే వినిపించింది. పోయి చూస్తే వేలు పక్కకు తిరిగి ఉంది, అప్పుడే నల్లబడుతోంది.

వాళ్ల అత్త కోడిగుడ్డు సొన పట్టు వేద్దామంది. ఎదురింటి అవ్వ వేలు పట్టి లాగితే సర్దుకుంటుందని కూర్చుంది. నేను ఒప్పుకోలేదు. అంగడిలో ఐసు అడిగి తెచ్చి గుడ్డలో చుట్టి పెట్టాను. కాలు దిండు మీద ఎత్తించాను. మరుసటి రోజు పొద్దున్నే ఆత్మకూరు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాను. అప్పటిదాకా నేను మంచిదాన్నే.

డాక్టరు వేలిని సరిచేసి, పక్క వేలికి జతచేసి కట్టాడు. రెండు వేళ్ల మధ్య చెమట నిలవకుండా పలుచగా దూది పెట్టాడు. పక్క వేలే దీనికి బద్ద అన్నాడు. మూడు రోజులకోసారి ప్లాస్టర్ మార్చమని, ఎలా మార్చాలో నాకు చూపించాడు. గట్టి అడుగున్న చెప్పులు వేసుకుని అవసరమైతేనే నడవమన్నాడు. ఐదు వారాల తర్వాత రమ్మన్నాడు. ఆమె ఏడుస్తూ పోటీల సంగతి అడిగింది. ఎముక త్వరగా అతికితే ఆడొచ్చు, అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటిదాకా నవ్వుతూనే వచ్చింది.

ఆమె లేచేదాకా మొదటి చోట ఇంకొకరు నిలబడాలి కదా. మాస్టారు ఎవరిని పెడదామని అడిగితే మస్తానక్కే నా పేరు చెప్పింది. తానే నేర్పింది కూడా. మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన కాలు చాపుకుని, చేతులతో తాళం వేస్తూ నా చేత ఒక్కో కోపు పదిసార్లు ఆడించేది. కోపు అంటే ఒక్కో రకం అడుగుల వరుస. ఆమెకు ఇరవై ఆరు కోపులు వచ్చు. నేను తప్పితే తిట్టేది, కుదిరితే మంచం మీదే ఎగిరేది. నాకు ఒంట్లో కరెంటు పారినట్టు ఉండేది. నిద్రలో కూడా కాళ్లు కదిలేవట. గోడ పక్కన నా పాత చోటికి కొత్తగా ఇంకొకామె వచ్చింది. లోపలి వలయంలో మొదటిసారి నేను అడుగు మార్చినప్పుడు ఇరవై ముగ్గురూ నాతోపాటు మారారు. నేను కుడికి తిరిగితే వాళ్లూ కుడికే. నా మాట ఇంట్లో పిల్లలు కూడా వినరు, తెలుసా?

ఐదు వారాలు అయ్యాయి. పోటీలు ఇంకా మూడు వారాలు. ఇద్దరం ఆత్మకూరు పోయాం. డాక్టరు వేలు నొక్కి చూశాడు, నొప్పి లేదంది. ఎక్స్‌రేకు పంపాడు. అది వచ్చేసరికి ఆయన ఆపరేషన్‌లో ఉన్నాడు, ఇంకో గంట ఆగమన్నారు. సాయంత్రం బస్సుకు సీటు దొరకదని మస్తానక్క తొందరపడింది. ఆటోలో ముందే బస్టాండుకు పోయి కూర్చుంటానంది. ఫిల్మ్ నువ్వే చూపించుకుని రా, ఆయన చెప్పేది నీకే కదా అర్థమయ్యేది అంది.

డాక్టరు ఫిల్మ్‌ను వెలుతురుకు పెట్టి ఒక్క నిమిషం చూశాడు. ఎముక చక్కగా అతికింది, కట్టు తీసేయండి, వారం పది రోజులు మెల్లగా నడిపించండి, నొప్పి రాకపోతే మామూలుగా ఆడుకోవచ్చు అన్నాడు. నేను సంతోషపడ్డాను. నిజంగా. మెట్లు దిగేటప్పుడు ఈ మాట ఆమెకు ఎలా చెప్పాలా అని, గట్టిగా కేక వేసి చెప్పాలా అని ఆలోచించాను. రోడ్డు దాటాను. ఎక్కడ మారిపోయాను? బస్టాండు కమాను దగ్గరా? సోడా బండి దగ్గరా? ఎన్నిసార్లు ఆ దారిని మనసులో నడిచి చూశానో. ఆ చోటు దొరకలేదు.

ఆమె బెంచీ మీద కూర్చుని జామకాయ తింటోంది. నన్ను చూడగానే సగం కాయ నా చేతికిచ్చింది.

"ఏమన్నాడు మే?"

"ఇంకా అతకలేదంట అక్కా."

"నొప్పి లేదే మరి?"

"నొప్పి పోయినా లోపల పగులు అట్నే ఉండాదంట. ఇంకో నెల కట్టు తీయగూడదన్నాడు."

"ఇంకో నెలా! పోటీలు అయిపోతాయి కదే."

"ఆడితే మళ్లీ ఇరుగుతాదంట. ఈసారి ఇరిగితే ఇంక అతకదంట అక్కా."

ఈ చివరి మాట ఎవరు చెప్పమన్నారు నన్ను? అంతకుముందు చెప్పింది చాలదా? ఆమె కాలి కట్టును చేత్తో తడుముకుంది. తర్వాత అంది: "సరే పో. నువ్వు బాగా ఆడు. నా మర్యాద నీ చేతిలో ఉండాది."

నేను ఆ జామకాయ తిన్నాను.

ఆ తర్వాత నెల రోజులూ మూడు రోజులకోసారి ఆమె పాదం నా ఒళ్లో పెట్టుకుని, పాత ప్లాస్టర్ విప్పి, కడిగి, తుడిచి, దూది పెట్టి, నిక్షేపంగా ఉన్న వేలికి మళ్లీ కట్టు కట్టాను. ఎంత శ్రద్ధగా కట్టానో! చర్మం ఒరుసుకోకుండా, బిగుసుకోకుండా. అబద్ధం చెప్పడం ఒక్క క్షణం పని, పొరపాటున నోరు జారిందని సర్దుకోవచ్చు. కానీ కట్టు కట్టడానికి పావుగంట పడుతుంది, అలాంటివి పది పావుగంటలు నా ముందుకొచ్చాయి, ప్రతిసారీ నా చేతులకు నిజం తెలుసు, ప్రతిసారీ ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. నేను దుర్మార్గురాలినా? అప్పుడు అలా అనిపించలేదు. ఆరింటికి ప్రాక్టీసుకు టైమవుతోందే అని మాత్రం అనిపించేది.

పోటీల రోజు చెప్తాను. చెప్పకుండా ఉండలేను. మెరూన్ అంచు పసుపు చీరలు, జడల నిండా కనకాంబరాలు, కాళ్లకు గజ్జెలు. పదకొండు జట్లు. మా వంతు వచ్చేసరికి జనం గోడల మీద కూడా ఎక్కి కూర్చున్నారు. మాస్టారు ఈల వేశాడు. నేను కుడి కాలు ఎత్తాను, ఇరవై నాలుగు కుడి కాళ్లు లేచాయి! ఇరవై ఆరు కోపులూ ఒక్కటి తప్పకుండా ఆడించాను. చివరి వేగంలో కోలల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు, జనం లేచి నిలబడ్డారు, నాకు గాలిలో ఉన్నట్టే ఉంది. మాకు రెండో బహుమతి వచ్చింది. మస్తానక్క ముందు వరుసలో కుర్చీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. కాలికి నేను పొద్దున కట్టిన కొత్త ప్లాస్టర్ ఉంది.

ఆ తర్వాత నేను కట్టు తీసేశాను. ఆమె మాత్రం మళ్లీ కోల పట్టలేదు. ఈసారి ఇరిగితే అతకదని నేనన్న మాట ఆమెలో పాతుకుపోయింది. గడప దాటాలన్నా చూసుకుని దాటేది. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో ఎవరైనా రమ్మంటే, నా వేలు సంగతి నర్సమ్మకు తెలుసు అడగండి అనేది. అందరూ నావైపు చూసేవాళ్లు. నేను తల ఊపేదాన్ని. ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు ఊపానో. ఏ ఒక్కరోజైనా, ఇప్పుడు గట్టిపడి ఉంటుందిలే అక్కా, ఆడు అని ఉంటే సరిపోయేది, నా అబద్ధం బయటపడకుండానే ఆమె ఆట ఆమెకు వచ్చేది. అది కూడా అనలేదు. ఎందుకని? ఆమె లేస్తే నేను గోడ పక్కకు పోవాలి కాబట్టి. వేరే కారణం వెతికాను, లేదు.

పోయిన వారం మధ్యాహ్నం ఆమె అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. ఆమె ఎడమ కాలు దానంతటది అడుగులు వేస్తోంది. ఆరో కోపు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఒక్క దెబ్బ తప్పలేదు. నాకు ఎక్కడినుంచో తన్నుకొచ్చింది. కూర్చోను కూడా కూర్చోకుండా, నిలబడే అంతా చెప్పేశాను. డాక్టరు అన్నది, నేను అన్నది, పది కట్లూ.

ఆమె చేట పక్కన పెట్టింది. కాలు దగ్గరికి లాక్కుని ఆ వేలిని పట్టుకుని పైకీ కిందికీ వంచింది. చాలాసేపు. తర్వాత నా మొహం చూడకుండా, పో ఇంటికి అంది. వచ్చేశాను. వస్తుంటే ఊపిరి గుండె నిండా ఆడింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. అందుకే మీకు రాస్తున్నాను. అబద్ధానికి ఏడ్చాను, కట్టిన కట్లకు ఏడ్చాను. కానీ ఆత్మకూరులో ఆడిన ఆ కాసేపటికి ఇప్పటికీ బాధపడలేకపోతున్నాను. నా బతుకులో అంత సంతోషం ముందూ లేదు, తర్వాతా లేదు. అది ఆమె నుంచి దొంగిలించిందే. తెలుసు. అయినా తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఈ మాట ఆమెతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నిన్న సాయంత్రం ప్రాక్టీసులో ఉన్నాం. మస్తానక్క వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు విప్పి, మాస్టారి దగ్గర రెండు కోలలు తీసుకుని వలయంలోకి నడిచింది. నేను మొదటి చోటు వదిలి వెనక్కి జరిగాను. ఆమె థాంక్స్ చెప్పలేదు, చూడనూ లేదు. ఈల పడింది. మొదట జాగ్రత్తగా, రెండో చుట్టుకే పాతలాగ! వయసు మీదపడిన ఒళ్లు, అయినా అదే ఎగురు. కోపు మారేకొద్దీ ఎదుటి మనుషులు మారుతుంటారు. ఆమె నా ఎదుటికి వచ్చింది. కళ్లలోకి సూటిగా చూసి, ఎంత బలంగా కొట్టిందంటే నా చేతిలో కోల ఎగిరి అల్లంత దూరాన పడింది. అరచెయ్యి మండిపోయింది. ఆమె ఆగలేదు, తర్వాతి మనిషి దగ్గరికి సాగిపోయింది. నేను పరుగెత్తి కోల ఏరుకుని, ఇంకో చుట్టు తిరిగి ఆమె మళ్లీ నా ఎదుటికి వచ్చేలోపు నా చోట నిలబడ్డాను.