రెండు గంటల సైరను, అవ్వ చెంబు

1967 చివర్లో, చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైన నెలలో, నన్ను నిజామాబాద్ నుంచి బోధన్‌కు వేశారు. అక్కడ నేను చూసిన సంగతి ఒక ఇతిహాసానికి సరిపోతుంది. అందులో శత్రువును వెతుకుతూ ఇల్లిల్లూ తిరిగే వీరుడున్నాడు, వాహనముంది, ఆయుధముంది, ఒక తప్పుడు శాసనం ఉంది, దాన్ని ఎదిరించిన తల్లి ఉంది. ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. శత్రువు దోమ. వాహనం మా బావ వాడి వదిలేసిన సైకిలు. ఆయుధం వేలికొసన గుచ్చే సూది. వీరుడి హోదా మలేరియా నిర్మూలన పథకంలో సర్వేలెన్స్ వర్కరు. ఆ పథకంలో నాకన్నా కింద ఉన్నది దోమ ఒక్కటే.

పని చెప్పడానికి సులువు. మాకు కేటాయించిన ప్రతి ఇంటికీ పదిహేను రోజులకోసారి వెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరముందా, పోయినసారి నుంచి ఇప్పటిదాకా వచ్చిందా, చుట్టాల్లో ఎవరైనా జ్వరంతో దిగారా అని మూడు ప్రశ్నలు వేయాలి. అవునంటే వేలు గుచ్చి గాజుపలక మీద నెత్తుటి చుక్క తీసి, క్లోరోక్విన్ మాత్రలివ్వాలి. కాదంటే గుమ్మం పక్కన గోడ మీద అచ్చువేసిన గళ్లలో తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాలి. ఆ గళ్లను మేం స్టెన్సిల్ అంటాం. మా పైన ఉండే ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చి ఆ తేదీలు సరిచూస్తాడు. జనానికి ఈ హోదాలేవీ పట్టవు. వాళ్లకు నేను సూది సారును.

ఫ్యాక్టరీకి దగ్గర్లో గంగారాం ఇల్లు నా జాబితాలో ఉండేది. అతను చెరకు బండ్లు తూచే కాంటా దగ్గర పని చేసేవాడు. ఇంట్లో అతని తల్లి, భార్య సాయవ్వ, నాలుగేళ్ల కొడుకు పోశెట్టి. నా మూడు ప్రశ్నలకూ "లేదు" అని చెప్పేశాక సాయవ్వ నాలుగో సంగతి ఎత్తింది.

"జెరం లేదు గని సారూ, మా పోరనికి వినొస్తలేదు. పెద్ద డాక్టరుకు ఒక కాయితం రాసియ్యుండ్రి. పట్నం దవాఖానకు తోలిస్తడంట."

చాట ముందేసుకుని బియ్యం చెరుగుతున్న అవ్వ తలెత్తింది. "దీనికి కొడుకు మీద కండ్లు లెవ్వు సారూ, శెవుల మీదనే ఉన్నయి. ఫ్యాక్టరీ సైరను గొడ్తే దర్వాజ కాడికి ఉరుకుతడు. వినొస్తలేంది ఎట్ల ఉరుకుతడు?"

"మరి మాటలేవి అత్తా?"

"నా పెద్దకొడుకు ఐదేండ్లకు మాట్లాడిండు. ఇప్పుడు వాని నోరు మూయించు సూద్దాం!"

తగువు తీర్చడానికి నా దగ్గర ఇరవై రెండేళ్ల వయసు, చేతికి గడియారం ఉన్నాయి. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగే సైరను రెండింటికి మోగుతుంది. రెండు కావడానికి పది నిమిషాలుంది. సైరను మోగేదాకా ఆగి చూద్దామన్నాను. పిల్లవాడు అవ్వకెదురుగా కూర్చుని చెరకు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. రెండయింది, సైరను మోగింది. పోశెట్టి ముక్కలు వదిలేసి బాణంలా గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. అవ్వ చూశావా అన్నట్టు నా వైపు చూసింది. నేను చిట్టీ పుస్తకం తీసి, కార్బను పెట్టి మరీ రాశాను: "బాలుడు సైరను వింటున్నాడు. చెవి దోషం కనబడలేదు." ఆ వాక్యం రాసినప్పుడు నాకు కలిగిన తృప్తి ఆ తర్వాత ఏ ప్రమోషనులోనూ కలగలేదు.

పదిహేను రోజులకు మళ్లీ వెళ్తే సాయవ్వ నీళ్లు తాగమని కూడా అనలేదు. ఆ చిట్టీ పట్టుకుని పిల్లవాణ్ణి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లిందట. కిటకిటలాడుతున్న వరుసలో డాక్టరు గారు చిట్టీ చదివి, మా వర్కరే బాగుందని రాశాడు కదమ్మా, పొమ్మన్నారట. గంగారాం దాన్ని తెచ్చి గోడ అద్దం వెనక దోపాడు. ఎవరు అడిగినా తీసి చూపిస్తున్నాడట, సర్కారే రాసిచ్చిందని. వచ్చే ఏడు బడిలో వేస్తాడట. అక్కడ పంతులు పిలిస్తే పలకడు, పలకలేదని దెబ్బలు తింటాడు. ఆమె భయం అదీ.

"నేను కళ్లారా చూశాను కదక్కా" అన్నాను.

"మీరు పోరని సూసిండ్రు. మా అత్తను సూడలే."

నాకు అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించింది. సైరను మోగగానే అవ్వ చేతిలో పని వదిలి, మూలనున్న ఇత్తడి చెంబు అందుకుంటుంది. కొడుకు కాంటా దగ్గర్నుంచి రాగానే కాళ్లు కడుక్కోవడానికి గుమ్మం దగ్గర నీళ్లు పెడుతుంది. ఏళ్ల తరబడి అదే అలవాటు. చెంబు లేచిందంటే తండ్రి వస్తున్నట్టే. పోశెట్టి చూసేది ఆ చెంబును.

"ఆ రోజే చెప్పొచ్చు కదా?"

"అత్త ముంగట ఎట్ల జెప్పాలె? మీరు నన్ను అడిగితిరా? కాయితం రాసుడే రాసిండ్రు."

ఇంకో సంగతి కూడా తట్టింది. సైరను మోగే వేళకు గంగారాం ఫ్యాక్టరీలోనే ఉంటాడు, సెలవు నాడు కూడా ఆ వేళకు ఇంటిపట్టున ఉండడు. కొడుకు సైరనుకు పరుగెత్తడం అతనెన్నడూ చూడలేదు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నిలబడ్డ కొడుకును చూశాడు. మిగతాది అవ్వ చెప్పింది.

గంగారాంకు వారపు సెలవు పడిన రోజు చూసుకుని, అతను బయటికి పోకముందే వెళ్లాను. కథ చెబితే అతనికి కోపమొచ్చింది. "ఒకపారి వినొస్తదని రాస్తివి, ఇప్పుడు వినొస్తలేదంటవు. సర్కారుకు ఎన్ని నోర్లున్నయి సారూ?" న్యాయమైన ప్రశ్నే. ఇవాళ సైరను మోగినప్పుడు అవ్వ కదలకుండా కూర్చుంటే చాలు, తేలిపోతుందన్నాను.

అసలు చిక్కు అక్కడే. బోధన్‌లో రెండు గంటలకు కదలకుండా కూర్చోలేని మనిషి ఒక్కతే ఉంది, మాకు కావలసిందీ ఆమే.

"నేను లేస్తే నీకేంది నొప్పి?" అంది అవ్వ.

"గంగారాం ఇంట్లోనే ఉన్నాడు కదవ్వా. నీళ్లెవరికి?"

"ఇంట్ల ఉంటె మాత్రం కాళ్లుండయా?"

చివరికి గంగారామే తల్లి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు. పిల్లవాడు వాళ్లకెదురుగా, గుమ్మానికీ వాళ్లకూ మధ్య, చెరకు ముక్కలు పేరుస్తున్నాడు. సైరను మోగింది. చూరు కింది పిచ్చుకలు లేచాయి. పోశెట్టి ఆరో ముక్క పెట్టాడు. సైరను మోగుతూనే ఉంది. ఏడో ముక్క పెట్టాడు.

సైరను ఆగింది. గంగారాం పట్టు సడలిందో, అవ్వకు ఓపిక చచ్చిందో, ఆమె చెయ్యి విడిపించుకుని చెంబు అందుకుంది. పోశెట్టి కళ్లు చెంబు మీద పడ్డాయి. ముక్కలన్నీ కూల్చేసి గుమ్మం దగ్గరికి పరుగెత్తి, వీధిలోకి మెడ చాచి, తండ్రి కోసం చూస్తూ నిలబడ్డాడు.

తండ్రి వాడి వెనకే కూర్చుని ఉన్నాడు.

"పోశెట్టీ" అని పిలిచాడు గంగారాం. మళ్లీ పిలిచాడు. "నేనీడ్నే ఉన్న బిడ్డా." వాడు వీధి మీంచి చూపు తిప్పలేదు.

గంగారాం లేచి, అద్దం వెనక నుంచి చిట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. అవ్వ మాత్రం చెంబును గుమ్మం దగ్గర పెట్టే కూర్చుంది.

"మరి నాకోసమే ఉరికేటోడా?" అన్నాడు భార్యతో.

"నీకోసం గాక మరి ఫ్యాక్టరీ కోసమా?" అంది సాయవ్వ.

రాసిన చిట్టీ రద్దు చేయాలంటే కార్బను ప్రతి మీద ఇన్‌స్పెక్టరు సంతకం కావాలి. ఆయన అంతా విని, నిన్ను జ్వరం అడగమన్నాం గాని చెవులు చూడమన్నదెవరని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా సంతకం చేశాడు, అంతవరకు మంచివాడే. కొత్త చిట్టీలో నా తీర్పేమీ రాయలేదు. తల్లి గమనించింది ఏమిటో, మేం చూసింది ఏమిటో రాశాను. డాక్టరు గారు ఈసారి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి చూసి, హైదరాబాదుకు ఉత్తరమిచ్చారు. అక్కడ పరీక్షలు చేసి వినికిడి దాదాపు లేదన్నారు. మరుసటి ఏడు అక్కడే చెవిటి పిల్లల బడిలో చేర్చారు. వాణ్ణి దిగబెట్టి వచ్చింది గంగారామే.

పిల్లవాణ్ణి పరీక్షించేటప్పుడు అదే గదిలో ఇంకెవరు కదులుతున్నారో చూడాలని, అంతకన్నా ముందు రోజంతా వాడితో గడిపే మనిషిని ఏం గమనించావని అడగాలని నాకు తెలిసొచ్చింది. ఆరోగ్య శాఖలో ఉన్నన్నాళ్లూ ఈ రెండూ పాటించాను. చిట్టీలు రాయడం తగ్గించాను.

ఇక నన్ను ఆ ఇంటికి పంపింది జ్వరాల కోసం. ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదు.