జిమ్మీ కాళ్లకు గుమ్మడికాయ పులుసు

కొత్త కోడలికి ఏ పనీ చెప్పకపోవడం గౌరవమని ఆ రోజుల్లో నేను నిజంగానే నమ్మాను. తొంభైల చివరి మాట. గోదావరి పక్కనుంచి గుంటూరు జిల్లా మిరప చేల మధ్యకు కాపురానికి వచ్చాను. వచ్చిన వారంలోనే, మా అమ్మ నేర్పిన గుమ్మడికాయ పులుసు దండిగా బెల్లం వేసి వండి ఇంటిల్లిపాదికీ వడ్డించాను. మామగారు రెండు ముద్దలు తిని, "బాగుందమ్మా. పాయసం ముందే పెట్టావు, మరి కూరేదీ?" అన్నారు. మా ఆయన తల ఎత్తకుండా మజ్జిగన్నంలోకి వెళ్లిపోయారు. మిగిలింది అన్నంలో కలిపి అత్తగారి కుక్క జిమ్మీకి పెడితే, వాడు వాసన చూసి, పళ్లాన్ని మూతితో అవతలికి నెట్టి పోయి పడుకున్నాడు. పాపం ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మర్నాటినుంచి అత్తగారు, "నువ్వెందుకమ్మాయ్ పొయ్యి దగ్గర, సెగకి నల్లబడిపోతావు" అంటూ గరిటె అందనివ్వలేదు. ఎంత ప్రేమో అని మా అమ్మకు ఫోన్ చేసి మరీ మురిసిపోయాను. అమ్మ అంతా వింది. తర్వాత, "బెల్లం ఎంత వేశావే?" అని మాత్రం అడిగింది.

జిమ్మీ గురించి చెప్పాలి. నల్లటి ఊరకుక్క. ఆవకాయ అన్నం తిని పెరిగిన ఘనుడు. అత్తగారు చేలోకి వెళితే ముందు వాడు, వెనక ఆవిడ. మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో ఒకనాడు, పత్తి కట్టె కొట్టేసిన చేలో కుందేలు వెంటపడ్డాడు. ముందు కాళ్లు రెండింటిలోనూ పత్తి మోళ్లు దిగబడి, లోపలే విరిగాయి. పశువుల డాక్టరు కోసి, వాటిని తీసి, కుట్లు వేసి, కట్లు కట్టి, "తడవనివ్వకండి, నోరు పెట్టనివ్వకండి. కుట్లు తెగి చీము పడితే కాళ్లు దక్కవు" అన్నారు. ఇప్పట్లా మెడకు తగిలించే ప్లాస్టిక్ గరాటాలు అప్పుడు మాకెవరికీ తెలియవు. పైగా మబ్బు పట్టింది. కల్లంలో కాయలు తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. ఇంటిల్లిపాదీ అక్కడే ఉండాలి. ఖాళీగా ఉన్నది, గరిటె కూడా లేని నేనొక్కదాన్నే.

"అమ్మాయ్, వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నా" అన్నారు అత్తగారు. గట్టిగా మాట్లాడే మనిషి, బతిమాలినట్టు అన్నారు. అది చూసి నాకు భయం వేసింది. ఆవిడ నన్ను నమ్మి చెప్పిన మొదటి పని అది.

కట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తొడిగి, వాటి మీద మా ఆయన రిసెప్షన్‌కు వేసుకున్న తెల్ల సాక్సులు తొడిగాను (ఆయన అడిగితే ఉతుకులో ఉన్నాయన్నాను). జిమ్మీ నేను చూస్తుండగానే పళ్లతో లాగడం మొదలుపెట్టాడు. అరిస్తే ఆగుతాడు, తల తిప్పితే లాగుతాడు. మధ్యాహ్నం వచ్చిన అత్తగారు, "సాక్సుల మీద కాస్త కారం పుయ్యి, ఇక నోరు పెడితే ఒట్టు" అన్నారు. ఆ ఇంట్లో పురుగుకైనా దొంగకైనా కారమే మందు. నేను పండుమిరపకాయలు మెత్తగా నూరి పట్టించాను. నా చేతులు మండాయి, కళ్లు మండాయి, ముక్కు ధారలు కట్టింది. జిమ్మీ ఒక కాలు శుభ్రంగా నాకి, రెండోది ముందుకు జరుపుకున్నాడు. సాయంత్రం అత్తగారు చూసి అడిగారు.

"ఉప్పు గానీ వేశావా?"

"వేశానత్తయ్యా, అలవాటులో."

"ఇంకేం. పచ్చడి చేసి పెట్టావు."

రుచి మరిగినవాడు మర్నాడు సాక్సు చింపి, కవరు లాగేసి, కట్టు ముడి దాకా వచ్చాడు. వాడి మూతి రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఏడ్చాను. ఇంకొక్క పూట ఇలాగే సాగితే కుట్లు తెగడం ఖాయం. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు వాడు నెట్టేసిన పళ్లెం. వాడికి ఆ రోజు ఒంట్లో బాగానే ఉంది. సంగతి బోధపడగానే, ఎవరూ చూడకపోయినా, సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా లేచాను. గుమ్మడికాయ కోసి, బెల్లం ఇంకాస్త దట్టించి, లేహ్యంలా దగ్గరపడేదాకా కాచి, చల్లార్చి, కొత్త కవర్లూ సాక్సులూ తొడిగి పట్టించాను. జిమ్మీ ఒక్కసారి వాసన చూశాడు. నన్ను చూశాడు. మెడ ఎంత దూరం సాగితే అంత దూరం తన కాళ్లకు ఎడంగా పెట్టి పడుకున్నాడు. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి.

ఇంతలో చీమలు బయల్దేరాయి. వాణ్ణి నులకమంచం ఎక్కించి, నాలుగు కోళ్ల కిందా నీళ్లగిన్నెలు పెట్టాను. కల్లం నుంచి వచ్చినవాళ్లు, మంచం మీద జిగజిగలాడే సాక్సులతో జమీందారులా పడుకున్న జిమ్మీని చూసి నిలబడిపోయారు.

"ఏం పూశావమ్మా?" అన్నారు మామగారు.

"గుమ్మడికాయ పులుసు, మామయ్యా."

మామగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దొడ్లోకి వెళ్లారు. మా ఆయన ఆయన వెనకే. అత్తగారు మాత్రం అక్కడే కూలబడి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

కుట్లు విప్పిన రోజు డాక్టరు ఆశ్చర్యపోయి, "ఒక్క కుట్టూ కదల్లేదే. ఏం మందు వాడారు?" అన్నారు. "మా కోడలి వంటండీ" అన్నారు అత్తగారు, ఎంతో గర్వంగా. ఇంటికొచ్చి గరిటె నా చేతిలో పెట్టి, "వండు. నేను పక్కనే ఉంటాలే" అన్నారు.

జిమ్మీ ఆ కాళ్లతోనే చాలాకాలం చేల వెంట తిరిగి, వయసు మీదపడి పోయాడు. ఇప్పటికీ ఇంట్లోకి గుమ్మడికాయ వస్తే అత్తగారు, "ఆ కుక్కమందు కాస్త చెయ్యవే" అంటారు. మొన్న చేసి పెడితే ఒక ముద్ద తిని మొహం చిట్లించారు.

"బెల్లం తగ్గించావేమే? ఇంత కారం ఎవరు తింటారు?"

నేను రుచి చూశాను. నాకింకా తియ్యగానే ఉంది. బెల్లం గడ్డ పట్టుకుని ఈ ఇంటికొచ్చిన ఆ పిచ్చిపిల్ల ఎటు పోయిందో ఏమో. జిమ్మీ ఉంటే మాత్రం, ఈసారి నా వైపే ఉండేవాడు.