దర్జీ సాహెబు కూతురి పేరు

యాభైల్లో చోడవరంలో మాకు బట్టలు కుట్టిన సాహెబు, ముఖ్యమైన మాట చెప్పేముందు మెడలోని టేపు తీసి అరచేతికి చుట్టుకునేవాడు. ఆయన కూతురు అమీనా నా తరగతే. ఇళ్ళు జప్తు చేసే కోర్టు ఉద్యోగిని అప్పట్లో అమీను అనేవారు. "అమీనొచ్చేడు, తలుపులేసుకోండి!" అని మేం ఏడిపిస్తే ఆ పిల్ల బడి మానేసింది.

పరికిణీ కొలతలకు వెళ్తే ఆయన టేపు చుట్టుకున్నాడు.

"అమీనంటే నమ్మకస్తుడమ్మా. మక్కాలో మా ప్రవక్తగారిని జనం అలాగే పిలిసేవోరు. ఆడపిల్లయితే అమీనా. ఈ పేరు మా ఇళ్ళల్లో ఇంటికొకలికుంటాది."

నాకు ఏడుపొచ్చింది. "ముందు ఏడిపించింది నేనే."

"తెలుసమ్మా. రేపు బడికెల్లేటపుడు దాన్ని పేరెట్టి పిలు."

మర్నాడు వాళ్ళ గుమ్మంలో నిలబడి పిలిచాను. మూడోసారికి పలికింది.